మూత్రంలో డోపమైన్ మెదడు సంగతి చెప్పదు

సంపాదకులకు,

మూత్రమో రక్తమో పరీక్షించి మెదడులో డోపమైన్, సెరటోనిన్ లాంటి ఏ సందేశవాహక రసాయనం తగ్గిందో చెబుతామనే ప్రకటనలు చూసి డబ్బు కట్టేవారు ఆగి ఆలోచించాలి. మూత్రంలో దొరికే డోపమైన్ చాలావరకు మూత్రపిండాల్లోనే తయారవుతుంది. ఒంట్లోని సెరటోనిన్‌లో సుమారు 90 శాతం పేగులదే. ఈ రెండూ రక్తంలోంచి మెదడులోకి దాటలేవు. ఆ అంకెలు చూసి దిగులుకు కారణం తేల్చేయడం కుదరని పని.

అలాగని ఈ కొలతలు పనికిరానివి కావు. ఫియోక్రోమోసైటోమా అనే అడ్రినల్ గ్రంథి (మూత్రపిండం పైన ఉండేది) కణితిని అనుమానిస్తే మెటానెఫ్రిన్లు (అడ్రినలిన్, నోరెపినెఫ్రిన్ అనే ఒత్తిడి హార్మోన్లు విరిగి ఏర్పడేవి), సెరటోనిన్ విడుదల చేసే కార్సినాయిడ్ కణితికైతే 5-హెచ్‌ఐఏఏ (సెరటోనిన్ విరిగి ఏర్పడేది) చూడాల్సిందే. అక్కడా ఫలితం చెడేది ఎక్కువగా నమూనా సేకరణలోనే.

రక్తంలోని సెరటోనిన్ దాదాపు అంతా ప్లేట్‌లెట్లలో ఉంటుంది. రక్తం గడ్డకట్టగానే అవి దాన్ని బయటికి వదిలేస్తాయి. అందుకే సీరంలో (గడ్డకట్టాక మిగిలే ద్రవం) వచ్చే అంకె ప్లాస్మాలో (గడ్డకట్టనివ్వకుండా వేరుచేసిన ద్రవం) కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ప్లాస్మా తీసినా, ట్యూబును గట్టిగా కుదిపితే, లేదా సెంట్రిఫ్యూజ్ (రక్తాన్ని వేగంగా తిప్పి వేరుచేసే యంత్రం) సరిగా తిప్పక ప్లేట్‌లెట్లు మిగిలిపోతే, లేని సెరటోనిన్ లెక్కలోకి వస్తుంది.

డోపమైన్, నోరెపినెఫ్రిన్‌లది దీనికి ఎదురు కథ. గాలి తగిలి, అదీ క్షార ద్రవంలో, ఆక్సీకరణ చెంది తరిగిపోతాయి. 24 గంటల మూత్రం పట్టే డబ్బాలో ముందే 6 నార్మల్ గాఢత గల హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి పీహెచ్ 4 లోపే ఉంచేది ఇందుకే. (ఆ డబ్బాలోకి నేరుగా పోయవద్దు, ఆమ్లం చిందితే చర్మం కాలుతుంది. వేరే పాత్రలో పట్టి పోయాలి.) మొదటి ఉదయం మూత్రం వదిలేయాలి, మర్నాటి ఉదయానిది కలపాలి. మధ్యలో ఒక్కసారి మరిచినా మొత్తం తగ్గి కనిపిస్తుంది. ప్లాస్మా మెటానెఫ్రిన్లకైతే రోగి 20 నుంచి 30 నిమిషాలు వెల్లకిలా పడుకున్నాకే రక్తం తీయాలి, కూర్చోబెట్టి తీస్తే నోర్‌మెటానెఫ్రిన్ (ఒక రకం మెటానెఫ్రిన్) పెరిగి లేని కణితి ఉందేమోనన్న భయం పుడుతుంది.

ఇక యంత్రం. నమూనాలోని పదార్థాలను వేరుచేసి, విద్యుత్ సంకేతంతో కొలిచే ఎలక్ట్రోకెమికల్ డిటెక్టర్ ఉన్న హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో పారాసెటమాల్ మాత్ర వేసుకున్నా అడ్డు పీక్ (గ్రాఫులో తప్పుడు శిఖరం) రావచ్చు. అణువులను ద్రవ్యరాశిని బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటర్ డోపమైన్‌ను 154 ద్రవ్యరాశి అయాన్ విడిపోయి ఏర్పడే 137 ముక్కతో గుర్తుపడుతుంది కాబట్టి పొరపాటు తక్కువే. కానీ ప్లాస్మాలోని ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వులు ఆ సంకేతాన్ని అణచివేస్తాయి. అందుకే డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) చేర్చిన డోపమైన్‌ను అంతర్గత ప్రమాణంగా (తెలిసిన పరిమాణంలో కలిపే పోలిక పదార్థం), సంగ్రహణకు (నమూనా నుంచి డోపమైన్‌ను వేరుచేయడం) ముందే కలపాలి. తర్వాత కలిపితే దారిలో పోయినదెంతో లెక్కకు రాదు.

పాఠకులు తమ రిపోర్టులో 'సీరం' అని ఉందా, 'ప్లాస్మా' అని ఉందా, ఏ పద్ధతిలో కొలిచారు అన్నవి చూడకుండా రెండు ల్యాబుల అంకెలను పోల్చవద్దు.

- క్లినికల్ ల్యాబ్ రసాయన విశ్లేషకులు