కాన్పు తర్వాతి వార్డు గురించి ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

కాన్పు అయ్యేదాకా అందరి కళ్లూ తల్లి మీదే. బిడ్డ పుట్టగానే వార్డుకి పంపేస్తారు. కానీ ప్రాణాపాయం ఎక్కువగా ఉండేది ఆ తర్వాతి 24 గంటల్లోనే.

మా చెల్లెలికి కాన్పైన రాత్రి రక్తంతో ప్యాడ్ల మీద ప్యాడ్లు తడిసిపోయాయి. వార్డంతటికీ నర్సు ఒక్కరే. ఆవిడని నేను తప్పు పట్టను. పరుగున వచ్చి, పొట్ట మీద చెయ్యి వేసి, రక్తం ఆగాలంటే గట్టిపడాల్సిన గర్భసంచి మెత్తగానే ఉందని పసిగట్టి, మర్దన చేస్తూనే డాక్టర్‌ని పిలిపించారు. చెల్లెలు బతికింది. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ వణుకు వస్తుంది.

తల్లికి బీపీ, నాడి, రక్తస్రావం మాటిమాటికీ చూడాలి. బిడ్డ ఊపిరి నిమిషానికి 60 దాటినా, ఒళ్లు చల్లబడినా, పాలు తాగకపోయినా వెంటనే గుర్తించాలి. మొదటి గంటలోనే పాలు పట్టించాలి, తొలిచూలు తల్లికైతే పక్కన కూర్చుని నేర్పాలి. ఇంత పని ఒక్కరితో అవుతుందా?

మామూలు కాన్పైనా కనీసం 24 గంటలు ఆసుపత్రిలో ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఉంచితే చాలదు, చూసే మనిషి ఉండాలి.

నర్సులను మంచాల లెక్కన కేటాయించకండి. ఆ మంచం మీద ఇద్దరున్నారు. బిడ్డను కూడా లెక్కలో చేర్చండి. ముందు రాత్రి షిఫ్టుతో మొదలుపెట్టండి.

ఇట్లు,
ఒక బాలింత అక్క