ఆ ఆర్టీసీ పెద్దాయనకు, మా బోటు తరఫున

రాత్రి రెండయింది. స్నానం చేసినా ఒంటి మీద డీజిల్ వాసన పోలేదు. నిద్ర రావడం లేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా. తప్పులుంటే సర్దుకోండి.

మాది తిరుపతి జిల్లా వాకాడు మండలంలో సముద్రం పక్క ఊరు. నేనూ మా బావా కలిసి ఒక బోటు నడుపుతాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలూ అప్పులతో నెట్టుకొచ్చాం. తీరా అందరూ వేటకు పోయే వేళకి మా ఇంజన్ మొరాయించింది. లైట్లు వేస్తే చాలు బెల్టు కీచుమని అరిచేది. కాసేపటికి లైట్లు మసకబారేవి, జీపీఎస్ ఆరిపోయేది, ఇంజన్ వేడెక్కేది. ఒక రాత్రి వల లాగడానికి ఇంజన్ ఆపాం. మళ్లీ సెల్ఫ్ కొడితే టక్కుమంది, అంతే. పక్క బోటువాళ్లు తాడేసి ఒడ్డుకు లాక్కొచ్చారు.

బ్యాటరీ పోయిందన్నారు, కొత్తది వేశాం. మూడు రోజులకి అదీ పడుకుంది. తర్వాత వచ్చిన మెకానిక్ ఇంజన్ నడుస్తుండగానే బ్యాటరీ వైరు పీకి చూశాడు. లైట్లు ఒక్కసారి భగ్గుమని వెలిగి ఆరిపోయాయి. ఆల్టర్నేటర్ కాలిపోయిందన్నాడు, అంటే బెల్టుతో తిరిగి కరెంటు పుట్టించి బ్యాటరీకి ఎక్కించేది. ఇంజన్ అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే, మనిషి చెన్నై నుంచి రావాలి, పది రోజులు ఆగండి అన్నారు.

ఆల్టర్నేటర్ విప్పి గోనెసంచిలో వేసుకుని తిరుపతి బస్సెక్కా. షాపులో లోపలి పార్టులు విడిగా అమ్మరట, మొత్తం కొత్తదే తీసుకోవాలట. రేటు విని బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డా. పక్కన టీ తాగుతున్న ఒక పెద్దాయన సంచి వైపు చూశారు, నా మొహం వైపు చూశారు. అడిగిన మొదటి మాట, "ఏమన్నా తింటివా నాయనా?"

నాకు నలభై దాటాయి. నడిరోడ్డు మీద చిన్నపిల్లాడిలా ఏడ్చేశా.

ఆయన ఆర్టీసీ డిపోలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యారట. నాకు ఇడ్లీ పెట్టించాకే సంగతి అడిగారు. బ్యాటరీ వైరు పీకిన మాట చెప్పగానే తల పట్టుకున్నారు. ఇంజన్ తిరుగుతుండగా వైరు పీకితే వోల్టేజీ ఒక్కసారిగా ఎగిరి, దాని లోపల కరెంటును ఒకే వైపు పోనిచ్చే డయోడ్లు పోతాయట. "పరీక్ష పేరుతో చంపేసినారు దాన్ని" అన్నారు. తనకు తెలిసిన ఒక చిన్న షెడ్డుకి తీసుకెళ్లి డయోడ్ ప్లేటు మార్పించారు. కొత్త ఆల్టర్నేటర్ రేటులో పదోవంతు కూడా కాలేదు. నేను సంచి మూట కట్టుకుంటుంటే, "ఇది నడమంత్రంగా వచ్చిన జబ్బు. అసలుది బోటులోనే ఉంది. రేపు నేనొచ్చి చూస్తా" అన్నారు.

మాటవరసకి అన్నారేమో అనుకున్నా. మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకి బయల్దేరి, నాయుడుపేటలో ఇంకో బస్సు మారి, టిఫిన్ క్యారియరుతో సహా దిగారు. నా భుజం పట్టుకుని బోటెక్కారు. పాత బెల్టు తీసి నా చేతికిచ్చి, పక్కలు తడిమి చూడమన్నారు. గాజులా నున్నగా ఉంది. బెల్టు పట్టు దాని పక్కలతోనే, అడుగు భాగం పుల్లీ (బెల్టు తిరిగే చక్రం) గాడి అడుగుకి తగలనే కూడదట. మాది సన్న సైజుది వేసి ఉంది. అది అడుగుకి దిగి జారిపోతోంది. పుల్లీ చుట్టూ నల్లటి పొడి. నేను ఇన్నాళ్లూ మసి అనుకున్నది బెల్టు అరిగిన రబ్బరు! ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ల పంపుకీ అదే బెల్టు, ఇంజన్ వేడెక్కిందీ అందుకే. తర్వాత రెండు పుల్లీల మీదుగా ఇనుప స్కేలు ఆనించారు. ఆల్టర్నేటర్ ఓ పక్కకి వంగి ఉంది, బ్రాకెట్ బోల్టు రంధ్రం కోడిగుడ్డులా సాగిపోయింది.

అది వెల్డింగ్ చేయించి, సరైన బెల్టు వేసి, మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళానికి కాస్త తక్కువ దిగేలా బిగించారు. స్టార్ట్ చేశాం. మీటరు పెడితే ఆల్టర్నేటర్ దగ్గర 14.2 వోల్టులు, బ్యాటరీ దగ్గర 13.2. నేను సంబరపడిపోతే ఆయన మాత్రం "ఆ ఒక్క వోల్టు దారిలో ఎవరు తిన్నారు?" అని వైరు వెంట వేలు పెట్టుకుంటూ పోయారు. చివర్న లగ్గు, అంటే వైరు కొసకి బిగించే లోహపు ముక్క, ఉప్పుగాలికి పచ్చగా చిలుం పట్టి ఉంది. కోసి కొత్తది వేశాక బ్యాటరీ దగ్గర 14.1. అప్పుడు నవ్వారు.

డబ్బు ముట్టుకోలేదు. కనీసం బస్సు చార్జీ అంటే, ఆర్టీసీ వాళ్లం, పాసుందిలే అన్నారు. నిజమో అబద్ధమో తెలీదు. చేపలిద్దామంటే శాకాహారి! పోతూ పోతూ తన మీటరు నాకే ఇచ్చేశారు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. అయ్యా, మీకు కాళ్లకు దండం పెట్టాలని ఉంది.

ఒక్క మాట మాత్రం కడుపులో ఉంచుకోలేను. మాకు సబ్సిడీలంటారు, మీటింగులంటారు, ఫొటోలు తీసుకుంటారు. ఇంత పొడుగు తీరంలో బెల్టు చూసి చెప్పే ఒక్క మనిషిని పెట్టరు. రెండు బ్యాటరీల డబ్బు, తొమ్మిది రోజుల వేట పోయాయి. ఎవరినడగాలి?

బావా, అక్కా, మా ఇంటావిడా చేసింది ఉండనే ఉంది, వాళ్లకు వేరే చెప్పేదేముంది.

అయ్యో, తాడేసి లాగిన బోటువాళ్లకు దండం అసలు పెట్టనే లేదు. వెల్డింగ్ అన్న ఆదివారమైనా షాపు తీశాడు. బెల్టు కోసం బండి మీద నాయుడుపేట దాకా పోయొచ్చిన కుర్రాడు, ఆ నూనె సంచిని సీటు కింద పెట్టనిచ్చిన కండక్టరమ్మ, అందరికీ థ్యాంక్స్. ఇంకెవరినైనా మర్చిపోతే తిట్టండి.

కొత్త బెల్టు కొన్ని గంటలు నడిచాక సాగుతుంది, మళ్లీ బిగించమన్నారు. నాలుగింటికి బోటు తీయాలి. స్పానర్ ఎక్కడ పెట్టానో వెతుక్కోవాలి.