పద్నాలుగు గుళ్ళు వద్దు, నాలుగు చాలు

నరసాపురం,
ఆదివారం రాత్రి

అమ్ములూ,

నిన్న ఫోన్లో నాన్నగారి మాటకి నువ్వు చిన్నబుచ్చుకున్నావని నాకు తెలుసు. సంక్రాంతి వెళ్ళాక తొమ్మిది రోజులు సెలవు పెట్టి కేరళలో పాత క్రైస్తవ గుళ్ళన్నీ చూసి వస్తానన్నావు. ఎవరితో అని అడిగితే ఒక్కదాన్నే అన్నావు. ఆ మాట దగ్గరే ఆయన ఆగిపోయారు. నువ్వు ఫోన్ పెట్టేశాక కూడా టెన్షన్‌తో వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. అన్నాలయ్యాక కూర్చోబెట్టి మాట్లాడాను. ఒప్పుకున్నారు. రోజూ చీకటి పడకముందే ఫోన్ చెయ్యాలి, అదొక్కటే షరతు. కాబట్టి నువ్వు నిశ్చింతగా వెళ్ళు.

నేను ఉత్తరం రాస్తున్నది మాత్రం నువ్వు వాట్సాప్‌లో పంపిన లిస్టు చూసి. తొమ్మిది రోజుల్లో పద్నాలుగు గుళ్ళు! ఫోన్లో చెబితే "సరేలే అమ్మా" అనేసి పెట్టేస్తావు. ఉత్తరమైతే రైల్లో తీసి రెండోసారి చదువుకుంటావని ఆశ.

నేను రిటైరైన ఏడాది వేళాంగణి యాత్ర బస్సు ఎక్కాను, గుర్తుందా? నాలుగు రోజుల ప్యాకేజీ. వెళ్ళేటప్పుడు చెన్నైలో యేసు శిష్యుడు తోమా పేరు మీదున్న తోమా కొండ ఎక్కించారు, అక్కడివాళ్ళు పరంగిమలై అంటారు. కొండ మీద చిన్న గుడి. బలిపీఠం వెనక గోడలో ఒక రాతి సిలువ, దాని చుట్టూ ఏదో తెలియని లిపి. దగ్గరికి వెళ్ళి చూద్దామనుకునేసరికి కింద నుంచి మా బస్సువాడు విజిల్ వేశాడు. పావుగంట అయిపోయిందట. చెప్పులు వెతుక్కుంటూ పరుగు. వేళాంగణిలోనూ అంతే, వరసలో నెట్టుకుంటూ వెళ్ళి, నెట్టుకుంటూ బయటికొచ్చాం. ఇంటికొచ్చాక మీ పిన్ని "ఎలా ఉందక్కా?" అని అడిగితే నాకు విజిల్ తప్ప ఏమీ గుర్తు రాలేదు. ఆ రాత్రి ఏడుపొచ్చింది. ఎన్నో ఏళ్ళుగా అనుకుంటూ ఉండి, డబ్బు కూడబెట్టుకుని వెళ్ళిన యాత్ర అది.

తర్వాత నేను చేసిన పని నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. నాన్నగారికి అన్నం వండి పెట్టేసి, సంచిలో మంచినీళ్ళ సీసా, గొడుగు పెట్టుకుని, ఒక్కదాన్నే మన చుట్టుపక్కల పాత గుళ్ళు, పాత సమాధులు చూడటం మొదలుపెట్టాను. మొదట పాలకొల్లు వెళ్ళాను. ఎంతా, పది కిలోమీటర్లు. అక్కడ 1600ల నాటి డచ్చివాళ్ళ సమాధులు ఉన్నాయి. చిన్నప్పటి నుంచి వింటున్నదే, ఎప్పుడూ చూడలేదు. బట్టల వ్యాపారానికి వచ్చి ఇక్కడే కన్నుమూసినవాళ్ళు. ఒక పలక పక్కన కూర్చున్నాను. వానకి నాచు పట్టి అక్షరాలు సగం కనిపించడం లేదు. కొంగుతో తుడిచాను. ఒక అక్షరంలో వేలు పెట్టి గీత వెంట నడిపించాను. నా గోరు మునిగేంత లోతుగా చెక్కాడు ఆ రాతిపనివాడు. చదవడం రాదు కానీ ఏ అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో వేలికి తెలిసింది. ఇతను ఎవరి కొడుకో, వాళ్ళమ్మకి కబురు అందేసరికి ఎన్ని నెలలు పట్టిందో అనుకుంటూ గంటసేపు అక్కడే ఉన్నాను. విజిల్ వేసేవాళ్ళు ఎవరూ లేరు.

ఇంకోసారి మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లిలో దిగి, రాజోలు, అమలాపురం మీదుగా బస్సులు మారుతూ యానాం వెళ్ళాను. అక్కడి ఆర్సీఎం గుడి, అంటే రోమన్ కాథలిక్కులది, మరియమ్మ తల్లి అన్నమ్మగారి పేరు మీద ఉంది, ఫ్రెంచివాళ్ళ కాలంలో 1846లో పూర్తయింది. మధ్యాహ్నం కదా, లోపల ఎవరూ లేరు. గుడి ఊడ్చే ఆమె నన్ను చూసి "ఎవరి తాలూకా అమ్మా?" అని అడిగింది. ఎవరి తాలూకా కాదు, ఊరికే చూడ్డానికి వచ్చానంటే నమ్మలేదు. తర్వాత తనే టీ తెచ్చి ఇచ్చింది. తన పెళ్ళి, పిల్లల జ్ఞానస్నానాలు, భర్తని సాగనంపడం, అన్నీ ఆ గుడిలోనే జరిగాయని చెప్పింది. బస్సు యాత్రలో ఇలాంటి మనిషి ఎదురవదు అమ్ములూ. ఎదురైనా మాట్లాడే తీరిక ఉండదు.

ధవళేశ్వరం కూడా అలాగే చూశాను. 1847 నుంచి 1852 దాకా కాటన్ దొర అక్కడ ఆనకట్ట కట్టిస్తుంటే, మన సంఘానికి పునాది వేసిన బౌడెన్ దొర ఆ కూలీల మధ్యకి వెళ్ళి సువార్త చెప్పేవాడట. బౌడెన్, బీర్ దంపతులు ఇంగ్లండులో బార్న్‌స్టేపుల్ అనే ఊరి నుంచి 1836లో ఇండియాకి వచ్చారు. గట్టు మీద నిలబడి ఆ నీళ్ళు చూస్తే, మీ మామ్మ చెప్పిన కథలన్నీ ఒక చోటికి వచ్చి చేరినట్టు అనిపించింది. గౌరీపట్నం నిర్మలగిరి మరియమాత కొండకి మాత్రం నడిచి వెళ్దామనుకున్నాను, మోకాళ్ళు ఒప్పుకోలేదు. ఆటోలో వెళ్ళాను.

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని మా అమ్మ ఊరికే అనలేదు. ఒంటరిగా వెళ్ళేది ఎందుకు? నచ్చిన చోట ఆగడానికి. నువ్వేమో ఒంటరిగా వెళ్తూ కూడా మా బస్సువాడి విజిల్ మెడలో వేసుకుని వెళ్తున్నావు. అందుకే ఆ పద్నాలుగులో నాలుగు ఉంచి మిగతావి కొట్టెయ్. ఏ నాలుగో నాకు తోచింది చెబుతాను.

సికింద్రాబాద్‌లో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి త్రిస్సూర్‌లో దిగు. అక్కడి నుంచి కొడుంగల్లూరుకి బస్సులుంటాయి. తోమా అపొస్తలుడు క్రీ.శ. 52లో అక్కడి రేవులో దిగాడని, ఏడున్నర సంఘాలు స్థాపించాడని వాళ్ళ నమ్మకం. అది తరతరాలుగా నోటి మాటగా వచ్చిన సంప్రదాయం, దాన్ని అలాగే గౌరవించు. రాతలో దొరికే సాక్ష్యం తర్వాతిది. ఆరో శతాబ్దంలో కాస్మాస్ అనే వర్తకుడు మిరియాలు దొరికే మలే దేశంలో, అంటే మలబారులో, క్రైస్తవ సంఘం ఉందని రాసిపెట్టాడు. మన నరసాపురానికి సువార్త వచ్చి ఇంకా రెండు వందల ఏళ్ళు నిండలేదు, వాళ్ళది అంత పాతది. ఊరి పక్కన అళిక్కోడులో, 1953లో ఇటలీలోని ఒర్తోనా నుంచి తెచ్చిన తోమా చేతి ఎముక ఉంచిన మందిరం ఉంది. మన అంతర్వేదిలా నది సముద్రంలో కలిసే చోటు. పొద్దున్నే వెళ్ళి నీళ్ళ ఒడ్డున కాసేపు కూర్చో. ఒకప్పటి ముజిరిస్ రేవు ఆ చుట్టుపక్కలే ఉండేదట. నదుల మధ్య పుట్టినదానివి, నది దారి మారితే రేవు ఏమవుతుందో నీకు ఒకరు చెప్పక్కర్లేదు.

రెండోది ఫోర్ట్ కొచ్చిలో సెయింట్ ఫ్రాన్సిస్ గుడి. పోర్చుగీసువాళ్ళు 1503లో మొదట చెక్కతో కట్టారు. 1524లో చనిపోయిన వాస్కోడగామాని ముందు అక్కడే పాతిపెట్టి, తర్వాత పోర్చుగల్‌కి తీసుకుపోయారు. 1663లో ఊరు డచ్చివాళ్ళ చేతికి వచ్చింది, తర్వాత ఇంగ్లీషువాళ్ళది, ఇప్పుడు సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్ళది. అందరూ గామా సమాధి రాయి దగ్గర ఫోటో దిగి వచ్చేస్తారు. నువ్వు గోడలకి నిలబెట్టిన డచ్చి పలకల దగ్గరికి వెళ్ళు. పాలకొల్లులో ఉన్నదీ వాళ్ళే, అదే డచ్చి వ్యాపార కంపెనీ. నాకోసం ఒక అక్షరం మీద వేలు పెట్టి చూడు, ముట్టుకోవద్దని బోర్డు ఉంటే మాత్రం వద్దు. పక్కనే మట్టంచేరి. 1653 జనవరి 3న అక్కడి క్రైస్తవులు పోర్చుగీసు పెద్దల పెత్తనం ఇక ఒప్పుకోబోమని సిలువకి తాళ్ళు కట్టి, ఆ తాళ్ళు పట్టుకుని ప్రమాణం చేశారు. అందరికీ సిలువ అందదు కదా, అందుకని తాళ్ళు. ఈ సంగతి విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

మూడోది కొట్టాయం వలియపల్లి, అంటే పెద్ద గుడి. ఇదొక్కటీ నేను చూసింది. హాస్పిటల్లో నాతో ఇరవై ఏళ్ళు డ్యూటీ చేసిన మలయాళీ సిస్టర్ ఆంటీ నీకు తెలుసుగా. వాళ్ళమ్మాయి పెళ్ళికి వెళ్ళినప్పుడు తనే తీసుకెళ్ళింది. 1550లో కట్టిన గుడి. లోపల రెండు పారశీక సిలువలున్నాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే, సిలువ చేతుల చివర్లు మొగ్గల్లా విచ్చుకుని ఉన్నాయి. పైన తల కిందికి పెట్టి దిగుతున్న పావురం. అడుగున తామర రేకుల్లాంటి చెక్కడం. చుట్టూ అంచున అక్షరాలు. ఎక్కడో చూశానే అనిపించింది. చూస్తూ చూస్తూ ఉంటే తట్టింది, చెన్నై కొండ మీద నేను వదిలేసి పరుగెత్తిన సిలువ కూడా ఇలాంటిదే! ఆంటీ చెప్పింది, ఆ లిపి పహ్లవీ అని, పాత పర్షియా వాళ్ళదని. చెన్నైది 1547లో పోర్చుగీసువాళ్ళు గుడి కట్టడానికి తవ్వుతుంటే బయటపడిందట. అరగంట అక్కడే నిలబడ్డాను. ఆంటీ పాపం ఏమీ అనకుండా బల్ల మీద కూర్చుని జపమాల తిప్పుకుంది.

నాలుగోది నిరణం, తిరువల్ల దగ్గర. తోమా పేరు చెప్పుకునే ఆ ఏడున్నర సంఘాల్లో అదొకటి. తిరుగు ప్రయాణంలో శబరి తిరువల్లలో ఎక్కొచ్చు. మిగిలిన రోజులు ఖాళీగా ఉంచుకో. ఏదో ఒక గుడి నిన్ను ఇంకో రోజు ఉండమంటుంది, అప్పుడు ఉండడానికి.

ఇంకొన్ని మాటలు. మన మందిరంలో గోడ మీద వచనం తప్ప ఇంకేమీ ఉండదు. నువ్వు అదే ఆరాధనలో పెరిగావు. అక్కడ సాంబ్రాణి పొగ, కొవ్వొత్తులు, బలిపీఠం ముందు తెర, బయట ధ్వజస్తంభం, రాతి దీపస్తంభం కూడా చూస్తావు. కొత్తగా ఉంటుంది. మా పుట్టింటివాళ్ళు ఆర్సీఎం కాబట్టి నాకు రెండూ అలవాటే. నాన్నగారి వైపు ఎవరైనా "అవన్నీ ఎందుకు" అంటే వాదించకు. వాళ్ళ భక్తి వాళ్ళది. ఆదివారం వాళ్ళ కుర్బానా (ఆరాధన) మొదటి నుంచి చివరి దాకా ఉండు. భాష అర్థం కాకపోయినా పాట అర్థమవుతుంది. చెప్పులు బయట విడిచి, తల మీద చున్నీ వేసుకో. ఆడవాళ్ళు ఎటు నిలబడితే అటు నిలబడు. ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం మాత్రం చాలాచోట్ల వాళ్ళ సంఘస్తులకే ఇస్తారు, వరసలోకి వెళ్ళకు. జనం మోకరించి ఉన్నప్పుడు ఫోన్ పైకెత్తి ఫోటో తీయకు, నాకు అది చాలా బాధ అనిపిస్తుంది.

కొత్త ఊళ్ళో చీకటి పడ్డాక దిగకు. మధ్యాహ్నం కొన్ని గుళ్ళు మూసేస్తారు, ముందే ఫోన్ చేసి కనుక్కో. బస్సు బోర్డులు చాలావరకు మలయాళంలోనే ఉంటాయి, సిగ్గుపడకుండా పక్కవాళ్ళని అడుగు. కాన్వెంట్ల గెస్ట్‌హౌస్‌లు ఆడపిల్లకి హోటల్ కంటే నయం, కానీ రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారో ముందే అడగాలి. నాన్నగారికి లైవ్ లొకేషన్ పెట్టు. ఆయన పైకి ఏమీ అనరు గానీ ఫోన్ చేతిలో పెట్టుకునే పడుకుంటారు.

సిస్టర్ ఆంటీకి ఫోన్ చేశాను. కొట్టాయం స్టేషన్‌కి తనే వస్తానంది. వాళ్ళింట్లోనే రెండు రోజులు ఉండాలట, హోటల్ మాట ఎత్తితే నా మీద కేకలేసింది. తనకి ఆత్రేయపురం పూతరేకులంటే ప్రాణం. బుధవారం ఆర్టీసీ కార్గోలో రెండు డబ్బాలు పంపిస్తున్నాను, ఒకటి తనకి, ఒకటి నీకు. తన డబ్బా బ్యాగులో అన్నిటికంటే పైన పెట్టుకో, బట్టల కింద పెడితే పొడైపోతాయి.

ప్రేమతో,
అమ్మ