తాగేది భగీరథ నీళ్లు, బువ్వ ఉడికేది బోరు నీళ్లలో

సంపాదకులకు,

అయ్యా,

జూన్ 12న బడులు తెరుస్తున్నారంటే గోడలకు రంగులు, గదులకు మరమ్మతులు, పుస్తకాలు, యూనిఫాంల గురించి అందరూ మాట్లాడతారు. పిల్లల తాగునీటి సంగతి అడిగితే "భగీరథ నల్లా ఉంది కదా" అన్న జవాబు వస్తుంది. మిషన్ భగీరథ అంటే కృష్ణా నీళ్లను శుద్ధి చేసి మా ఊళ్లకు నల్లాల ద్వారా ఇచ్చే ప్రభుత్వ పథకం. తాగడం వరకు ఆ మాట చాలా చోట్ల నిజమే. మధ్యాహ్న భోజనం వండే గంజులోకి ఏ నీళ్లు పోస్తున్నారన్నది మాత్రం ఎవరూ అడగరు. వంటషెడ్డు పక్కనే బోరు ఉండి, స్విచ్ వేయగానే నీళ్లు వస్తుంటే, దూరాన ఉన్న నల్లా నుంచి బిందెలతో మోసుకురమ్మంటే వంట చేసే అక్కలు మాత్రం ఎన్నాళ్లు మోస్తారు? తప్పు వాళ్లది కాదు, పైపు వేసిన తీరుది.

మా నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి ప్రాంతాల్లో, పళ్లను, ఎముకలను పాడుచేసే ఫ్లోరైడ్ అంటే ఏమిటో వివరించనక్కర్లేదు. అయితే అది నీళ్లతో పాటు ఉడికిన అన్నంలోకీ చేరుతుందన్న సంగతి చాలామందికి తట్టదు. కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై, మిగిలిన నీటిలో దాని మోతాదు ఇంకా పెరుగుతుంది.

లెక్క వేసి చూడండి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు తలా 150 గ్రాముల బియ్యం. గంజి వార్చకుండా వండితే ఆ బియ్యం తనకు రెండున్నర రెట్ల నీటిని, అంటే 375 మిల్లీలీటర్ల దాకా పీల్చుకుంటుంది. పప్పుచారులో ఇంకో 125 వేసుకుంటే అర లీటరు. బోరు నీటిలో లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందనుకుంటే, ఆ ఒక్క పూట బువ్వతోనే ఒకటిన్నర మిల్లీగ్రాములు పిల్లవాడి కడుపులోకి పోతుంది. గంజి వారిస్తే కొంత తగ్గుతుంది, అంతే. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. తరచూ వినిపించే 1.5 అన్న అంకె వేరే నీటి వనరు లేని చోటికి మాత్రమే. ఊరికి కృష్ణా నీళ్లు వస్తున్నాక 1.5 లోపలే ఉంది కదా అని సర్దుకోవడం కుదరదు.

మరో పొరపాటు, నీళ్లను నాలుకతో పరీక్షించడం. ఫ్లోరైడ్‌కు రంగు, రుచి, వాసన లేవు. పైగా మన గ్రానైటు నేలల్లో కాల్షియం తక్కువగా ఉండే బోరు నీటిలోనే ఫ్లోరైడ్ ఎక్కువగా కరిగి ఉండే అవకాశం ఉంది. అలాంటి నీళ్లలో సబ్బు బాగా నురగ వస్తుంది, పప్పు తొందరగా ఉడుకుతుంది. "మంచి నీళ్లు" అని వంటకు ఏరి వాడేది సరిగ్గా వాటినే కావచ్చు.

అందుకే పరీక్ష చేయించాలి. నమూనాను ట్యాంకు నుంచి కాకుండా బోరు పైపు నుంచే పట్టాలి. ట్యాంకు నీళ్లలో క్లోరిన్ ఉంటే ఫ్లోరైడ్ పరీక్ష రంగు తప్పుగా చూపిస్తుంది. మోటారు వేసి అయిదు నిమిషాలు నీళ్లు పోనిచ్చి, ఆ తర్వాత శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టాలి. గాజు సీసా వద్దు.

ఇక పైపుల సంగతి. భగీరథ పైపు, బోరు పైపు రెండూ ఒకే ట్యాంకులోకి కలిపి, మధ్యలో ఒక వాల్వ్ పెట్టి వదిలేసిన బడులున్నాయి. వాల్వ్ కారుతుంది, లేదా భగీరథ నీళ్లు రాని రోజు ఎవరో తిప్పుతారు, మళ్లీ కట్టడం మరిచిపోతారు. వాల్వ్‌ను నమ్మకుండా బోరు పైపును ఆ ట్యాంకు నుంచి పూర్తిగా కోసి, చివర ఎండ్ ప్లగ్ బిగించాలి. బోరు నీళ్లకు వేరే ట్యాంకు, దాని నల్లాలకు ఎర్ర రంగు. మరుగుదొడ్లకు, మొక్కలకు, గిన్నెలు తోమడానికి, సబ్బుతో చేతులు కడగడానికి అవి చాలు. ఫ్లోరైడ్ చర్మం గుండా ఒంట్లోకి పోదు.

"అన్ని భగీరథ నీళ్లు ఎక్కడివి?" అంటారు. వంద మంది పిల్లలుంటే బియ్యం కడగడానికి, వండడానికి 80 లీటర్లు, పప్పుచారుకు 30, తాగడానికి 100. మొత్తం 210 లీటర్లు. వెయ్యి లీటర్ల ట్యాంకు నింపి పెట్టుకుంటే నాలుగు రోజులకు పైగా వస్తుంది. పైపులైను మరమ్మతు ఒకటి రెండు రోజులు సాగినా బోరు వైపు చూడనక్కర్లేదు.

నిల్వ నీటిలో క్లోరిన్ తగ్గిపోతుంది కాబట్టి ముందు పరీక్షించాలి. లీటరుకు 0.2 మిల్లీగ్రాముల కంటే తక్కువ చూపిస్తేనే బ్లీచింగ్ కలపాలి. వెయ్యి లీటర్లకు తాజా పొడి రెండున్నర గ్రాములు చాలు. బకెట్ నీళ్లలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే ట్యాంకులో పోసి గంట ఆగాలి. మూత తీసి పెట్టిన సంచిలో పొడి బలం తగ్గిపోతుంది. అది పనిచేయలేదని తర్వాత కొత్త సంచి నుంచి గుప్పెడు వేస్తే నీళ్లు ఘాటెక్కుతాయి, పిల్లలు మొహం తిప్పుకొని చేతిపంపు దగ్గరికి పోతారు. బ్లీచింగ్ వేశాం కాబట్టి ఫ్లోరైడ్ కూడా పోయిందనుకునేవాళ్లు ఉన్నారు. దానికీ దీనికీ సంబంధం లేదు. నల్లగొండ పేరుతోనే పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తొలగించే పద్ధతి ఉన్నా, రోజూ మోతాదు చూసి కలిపే మనిషి లేని బడిలో అది నిలవదు.

ముందుగా పట్టించుకోవాల్సింది హైస్కూలు కన్నా అంగన్‌వాడీని, ప్రాథమిక పాఠశాలను. శాశ్వత దంతాల పైపొర చిగురు లోపల ఏర్పడేది దాదాపు ఎనిమిదేళ్ల లోపే. అప్పుడు ఫ్లోరైడ్ వల్ల పట్టిన గార తర్వాత ఎంత తోమినా పోదు. పాలు, పెరుగు, ఆకుకూరలు, ఉసిరి, జామ మేలు చేస్తాయి. చింతపండు ఫ్లోరైడ్‌ను మూత్రం ద్వారా బయటికి పంపడానికి తోడ్పడుతుందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనలో తేలింది. కానీ బోరు నీళ్లతో చారు కాచి, చింతపండు వేశాం కదా అనుకుంటే లాభం లేదు.

మండల విద్యాధికారులు, సర్పంచులు బడి తెరిచే ముందు ఒకసారి వంటషెడ్డు దాకా నడిచి, గంజులోకి నీళ్లు పోసే నల్లా ఏ ట్యాంకు నుంచి వస్తోందో పైపు వెంట చూసుకుంటూ వెళ్లాలని కోరుతున్నాం. అది బోరు ట్యాంకు నల్లా అయితే ఆ రోజే ప్లగ్ బిగించాలి.

ఇట్లు,
విశ్రాంత సైన్సు ఉపాధ్యాయులు,
చండూరు, నల్లగొండ జిల్లా