ఛార్జర్ వంటింట్లోకి మారింది

ఒరేయ్ శీనూ,

మొన్న మాట్లాడినప్పుడు "ఒంటిగంట దాకా రీల్స్ చూస్తూనే ఉంటున్నా, పొద్దున తల దిమ్ముగా ఉంటోంది" అన్నావు. అప్పట్నుంచి నీ గురించే ఆలోచిస్తున్నాను. ఏడాది కిందట నాదీ అదే పరిస్థితి. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ఆ రోజు మా చిన్నది బడిలో విత్తనం నాటిన సంగతి చెబుతోంది. నేను ఫోన్ చూస్తూ ఊఁ కొడుతున్నాను. చెప్పడం ఆపేసి, రెండు చేతులతో నా గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది. ఒక్క మాటా అనలేదు. అది నాటింది చిక్కుడు గింజో, శనగో కూడా నాకు తెలియదురా. ఆ రాత్రి ఏడుపొచ్చింది.

ఒట్టు పెట్టుకున్నాను, యాప్‌లన్నీ తీసేశాను. మూడో రోజుకే మళ్ళీ వచ్చేశాయి. నా మనసుకే గట్టిదనం లేదని కుంగిపోయాను. తర్వాత తెలిసింది, 2006లో అజా రాస్కిన్ అనే డిజైనర్ ఇన్ఫినిట్ స్క్రోల్ (వేలితో ఎంత జరిపినా కిందికి కొత్తవి వస్తూనే ఉండే పద్ధతి) తయారుచేశాడని, ఆ తర్వాత ఆయనే దానికి బాధపడ్డాడని. పుస్తకంలో అధ్యాయం అయిపోతే ఆగుతాం. ఇక్కడ అయిపోవడమన్నదే లేదు. పైగా తర్వాత వచ్చే వీడియో ఎలా ఉంటుందో తెలియదు, ఆ ఆశే వేలిని కదిలిస్తుంది. కాబట్టి నిన్ను నువ్వు తిట్టుకోకురా.

నాకు పనిచేసింది చోటు మార్చడం. ఛార్జర్‌ని వంటింటి గట్టు మీద పెట్టేశాను. పొద్దున లేవడానికి బజార్లో అలారం గడియారం కొన్నాను. మొదటి వారం చాలా కష్టమైంది. నిద్రలో చెయ్యి దానంతటదే దిండు కింద తడిమేది. పది రోజులకి తగ్గింది.

మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా వడ్‌గావ్‌లో 2022లో ఓ పద్ధతి పెట్టారు. సాయంత్రం ఏడింటికి సైరన్ మోగగానే గంటన్నర సేపు టీవీలు, ఫోన్లు కట్టేయాలి. మేమూ అదే పట్టుకున్నాం. కానీ ఆ గంటన్నరా ఏం చెయ్యాలో తోచక మొదట్లో ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. అమ్మే అటక మీంచి వామనగుంటల పీట దింపించింది. చింతపిక్కలు గుంటల్లో టకటకా పడుతుంటే చిన్నది ఊపిరి బిగబట్టి లెక్కపెడుతుంది. నిన్న నానమ్మని ఓడించింది!

ఆఫీసు టెన్షన్ ఎక్కువైన రోజు ఇప్పటికీ తప్పుతుంటాను. మర్నాడు మళ్ళీ మొదలెడతాను, అంతే.

ఈ రాత్రే ఛార్జర్‌ని హాల్లోకి మార్చు. పడుకునే ముందు పిల్లలతోనో, చెల్లెమ్మతోనో కాసేపు మాట్లాడు. వారం తర్వాత నిద్ర ఎలా పడుతోందో నాకు ఉత్తరం రాయి, ఎదురుచూస్తుంటాను.

నీ
రాము

మరిచాను, అది నాటింది చిక్కుడు గింజేనట. ఇప్పుడు పెరట్లో పందిరెక్కింది.