విదేశాలకు వెళ్లే తీర్థయాత్రికులకు ప్రికాషన్ డోసు ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారాలు.

కొవిడ్ కారణంగా 2020 మార్చి 23 నుంచి నిలిచిపోయిన అంతర్జాతీయ విమాన సర్వీసులు 2022 మార్చి 27న తిరిగి పూర్తిస్థాయిలో మొదలయ్యాయి. రెండేళ్లుగా వాయిదా పడుతూ వస్తున్న తీర్థయాత్రలకు ఇక దారి తెరుచుకుందని సంతోషించినవారిలో మేమూ ఉన్నాం. కానీ విమానాలు ఎగురుతున్నా, 2021 మొదటి సగంలోనే రెండు డోసులూ వేయించుకున్నవారిలో అరవై ఏళ్లు నిండనివారు ఐరోపాలోని పుణ్యక్షేత్రాలకు వెళ్లే వీలు మాత్రం ఇంకా కలగలేదు. అక్కడి ప్రభుత్వాలు అడుగుతున్న మూడో డోసును (మన దగ్గర దాని పేరు ప్రికాషన్ డోసు) మన ప్రభుత్వం వారికి వేయకపోవడమే దీనికి కారణం. ఈ విషయాన్ని కేంద్ర ఆరోగ్య శాఖ దృష్టికి తీసుకువెళ్లవలసిందిగా మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

మేము వెళ్లదలచిన క్షేత్రం స్పెయిన్ దేశపు వాయవ్య మూలన, గలీసియా ప్రాంతంలో ఉన్న శాంటియాగో డి కంపోస్టెలా. క్రీస్తు పన్నెండుమంది శిష్యుల్లో ఒకరైన పునీత యాకోబు గారి సమాధి అక్కడి ప్రధాన దేవాలయంలో ఉందని కతోలికుల విశ్వాసం. ఆ సమాధి వద్దకు కాలినడకన చేరుకునే ఆచారం వెయ్యేళ్లకు పైగా కొనసాగుతోంది. ఆ దారినే కమీనో అంటారు. నిజానికి అది ఒక్క దారి కాదు, ఐరోపా నలుమూలల నుంచి వచ్చి కలిసే అనేక దారులు. వాటిలో ఎక్కువమంది నడిచేది ఫ్రాన్సు వైపు నుంచి పిరనీస్ పర్వతాలు దాటి, పాంప్లోనా, బుర్గోస్, లియోన్ నగరాల మీదుగా సాగే దాదాపు 780 కిలోమీటర్ల దారి. యాత్రికుడి దగ్గర మడతలు పెట్టిన ఒక చిన్న పుస్తకం ఉంటుంది. రాత్రి తలదాచుకున్న సత్రంలోనూ, దారిలోని గుడిలోనూ, ఒక్కోసారి కాఫీ తాగిన దుకాణంలోనూ అందులో ముద్ర వేయించుకోవాలి. కనీసం చివరి 100 కిలోమీటర్లైనా నడిచి, ఆ భాగంలో రోజుకు రెండేసి ముద్రలు చూపించినవారికి అక్కడి యాత్రికుల కార్యాలయం లాటిన్ భాషలో రాసిన ధ్రువపత్రం ఇస్తుంది. ఏటా ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవాలకు పల్లెల నుంచి పిల్లాపాపలతో నడిచి వచ్చేవారిని ఎరిగిన మన ప్రాంతంవారికి, మొక్కుకుని నడవడమంటే ఏమిటో నేను వివరించనక్కరలేదు.

ఈ ఏడాదే ఎందుకు, వచ్చే ఏడాది వెళ్లవచ్చు కదా అని కొందరు అడుగుతున్నారు. పునీత యాకోబు పండుగ అయిన జూలై 25 ఆదివారం నాడు పడిన సంవత్సరాన్ని శాంటియాగోలో పుణ్య సంవత్సరంగా పాటిస్తారు. సాధారణంగా ఆ ఏడాదిలో మాత్రమే దేవాలయం వెనుక వైపున్న పుణ్య ద్వారాన్ని తెరిచి ఉంచుతారు. 2010 తరువాత మళ్లీ అలాంటి సంవత్సరం 2021లో వచ్చింది. మహమ్మారి ఇంకా తగ్గకపోవడంతో, ద్వారం తెరిచిన 2020 డిసెంబరు 31 నాడే, పోపు ఫ్రాన్సిస్ దాన్ని 2022 చివరి వరకు పొడిగించినట్లు ప్రకటించారు. ఆ ద్వారం 2022 డిసెంబరు 31న మూసుకుంటే మళ్లీ తెరుచుకునేది 2027 పుణ్య సంవత్సరానికే. మోకాళ్లు ఇంకా సహకరిస్తున్న మా వయసువారికి ఐదేళ్ల వాయిదా చిన్నదేమీ కాదు. యాత్రికులు రాలేకపోతున్నారని గ్రహించి ఒక మతపెద్ద పుణ్య సంవత్సరాన్నే పొడిగించగలిగినప్పుడు, టీకా విధానంలో ఒక చిన్న సవరణ మన ప్రభుత్వానికి అసాధ్యం కాదని నా నమ్మకం.

కమీనో ఈ రెండేళ్లలో ఎంత దెబ్బతిన్నదో లెక్కలే చెబుతాయి. 2019లో 3.47 లక్షల మందికి పైగా యాత్రికులు శాంటియాగో కార్యాలయంలో ధ్రువపత్రం తీసుకున్నారు. 2020 మార్చి 14న స్పెయిన్ అత్యవసర పరిస్థితి ప్రకటించడంతో సత్రాలు మూతపడి, నడుస్తున్నవారు నడుస్తున్న చోటినుంచే ఇళ్లకు తిరిగి వెళ్లవలసి వచ్చింది. ఆ ఏడాది మొత్తం మీద వచ్చినవారు సుమారు 54 వేల మంది మాత్రమే. 2021లో ఆ సంఖ్య 1.78 లక్షలకు పెరిగింది. సత్రాలు తెరిచిన తరువాత కూడా చాలాకాలం మంచాలను సగానికి తగ్గించి నడిపారు. బలిపీఠం వెనుక మెట్లెక్కి, యాకోబు గారి విగ్రహాన్ని వెనుకనుంచి రెండు చేతులా కౌగిలించుకోవడం యాత్రికుల పాత ఆచారం, దాన్నీ ఆపేశారు. ఇప్పుడు పరిస్థితి మారుతోంది. లక్షణాలు స్వల్పంగా ఉన్నవారికి ఏకాంతవాసం తప్పనిసరి కాదని 2022 మార్చి 28 నుంచి స్పెయిన్ నిబంధన సడలించింది. అంటే నడక మధ్యలో జ్వరం తగిలితే ఎక్కడో తెలియని ఊళ్లో వారం రోజులు గదిలో ఉండిపోవాలన్న భయం కూడా చాలావరకు తగ్గింది. మిగిలిన అడ్డంకి దేశంలో అడుగుపెట్టే దగ్గరే ఉంది.

ఆ అడ్డంకి ఇది. రెండో డోసు వేయించుకుని 270 రోజులు దాటితే ఆ టీకా పత్రం చెల్లదని, బూస్టర్ వేయించుకుని ఉండాలని 2022 ఫిబ్రవరి 1 నుంచి ఐరోపా సమాఖ్యలో నియమం అమలులోకి వచ్చింది. స్పెయిన్ దాన్ని బయటి దేశాల నుంచి వచ్చేవారికీ వర్తింపజేసింది. మన దేశం నుంచి పర్యటనకో, తీర్థయాత్రకో వెళ్లేవారికి నెగటివ్ పరీక్షాఫలితం ఒక్కటే సరిపోదని చెప్పింది. ఇక మన దేశంలో బూస్టర్‌కు ప్రికాషన్ డోసు అని పేరు పెట్టి, 2022 జనవరి 10 నుంచి వైద్య సిబ్బందికి, ముందువరుస ఉద్యోగులకు, ఇతర జబ్బులున్న అరవై దాటినవారికి వేశారు. మార్చి 16 నుంచి అరవై దాటిన అందరికీ వేస్తున్నారు. 2022 మార్చి చివరికి కూడా అరవై లోపు సామాన్యులకు మాత్రం డబ్బు పెట్టుకుంటామన్నా దొరకడం లేదు.

మా ఇంట్లోనే చూడండి. నలభై ఐదేళ్లు దాటినవారికి టీకా మొదలైన కొత్తలో, 2021 ఏప్రిల్‌లో, నేనూ నా భార్యా ఒకే కేంద్రంలో ఒకరి వెనుక ఒకరం నిలబడి కోవాగ్జిన్ వేయించుకున్నాం. మే నెలలో టీకాలకు కటకట ఉన్నా రెండో డోసు కూడా ఒకే రోజున అయింది. ఫిబ్రవరికల్లా ఇద్దరి పత్రాలకూ 270 రోజులు నిండిపోయాయి. ప్రికాషన్ డోసుకు మన ప్రభుత్వం పెట్టిన తొమ్మిది నెలల వ్యవధి కూడా ఇద్దరికీ పూర్తయింది. నాకు అరవై రెండేళ్లు కాబట్టి ఈ నెలలో మూడో డోసు వేశారు. ఆమెకు యాభై ఏడు కాబట్టి వేయలేదు. ఆరోగ్య కేంద్రంలోని నర్సు గారు ఎంతో మర్యాదగానే, ఆమె పేరు కొట్టగానే టీకాల నమోదు వెబ్‌సైటు కోవిన్‌లో అర్హత లేదని వస్తోందని తెర మా వైపు తిప్పి చూపించారు. ఆవిడ చేయగలిగింది కూడా ఏమీ లేదు. మా విచారణ (మా చర్చి పరిధి) నుంచి మాతో రావాలనుకుంటున్నవారిలో సగం మందికి పైగా యాభైల్లో ఉన్నవారే. వారందరిదీ ఇదే ఇబ్బంది.

కోవాగ్జిన్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో తయారైన టీకా అని మన తెలుగు రాష్ట్రాల్లో ఎంతోమంది దాన్ని ఇష్టపడి వేయించుకున్నారు. దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర వినియోగ అనుమతి వచ్చింది 2021 నవంబరు 3న. అప్పటివరకు ఈ టీకా వేసుకున్నవారికి చాలా దేశాల తలుపులు మూసే ఉన్నాయి. ఐరోపా మందుల సంస్థ ఆమోదం ఇప్పటికీ రాలేదు కాబట్టి అక్కడి దేశాలన్నీ దాన్ని ఒకే తీరుగా చూడడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో ఉన్న టీకాలను స్పెయిన్ గుర్తిస్తోంది గనుక, ఫ్రాన్సు వైపు నుంచి పర్వతం ఎక్కే ఆలోచన మానుకుని, గల్ఫ్ మీదుగా మాడ్రిడ్ చేరి, స్పెయిన్ భూభాగంలోని రొన్సెస్వాయెస్ నుంచి నడక మొదలుపెట్టాలని నిర్ణయించుకున్నాం. ఈ ప్రయాణం తలపెట్టిన మిగతావారు కూడా విమానం ఎక్కడ మారుతున్నదీ, ఏ దేశంలో తొలి అడుగు పెడుతున్నదీ టికెట్ కొనకముందే చూసుకోవాలని నా మనవి.

ప్రభుత్వాన్ని మేము కోరుతున్నది ఇంతకుముందు చేయని పనేమీ కాదు. చదువు కోసం, ఉద్యోగం కోసం విదేశాలకు వెళ్లేవారికి, టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్లే క్రీడాకారులకు, వారి సిబ్బందికి కోవిషీల్డ్ రెండో డోసును 84 రోజులు ఆగకుండా 28 రోజులకే వేయడానికి 2021 జూన్‌లో కేంద్రం ప్రత్యేకంగా అనుమతించింది. ప్రయాణపు పత్రాలు చూసి వేశారు, పాస్‌పోర్టు సంఖ్యను టీకా పత్రానికి జతచేశారు. ఆ పద్ధతినే ప్రికాషన్ డోసుకు వర్తింపజేస్తే చాలు. వయసుతో నిమిత్తం లేకుండా, వెళ్లబోయే దేశం అడిగే వ్యవధిని అనుసరించి, ప్రైవేటు ఆసుపత్రిలో సొంత ఖర్చుతో వేయించుకునే వీలు కల్పించాలి. అప్పుడు అనుమతించిన కారణాల్లో తీర్థయాత్ర లేదు. ఈసారి దాన్ని కూడా చేర్చాలి. నిరుటి మే నెలలా టీకాల కొరత ఉన్న రోజులైతే నేను ఈ ఉత్తరం రాసి ఉండేవాణ్ణి కాదు. ప్రైవేటు ఆసుపత్రుల్లో నిల్వలు గడువు తీరిపోయే దశకు వచ్చాయని ఈమధ్య పత్రికల్లోనే చదివాం.

ఉపాధి పోయి, ఆప్తులను పోగొట్టుకుని ఇంతమంది బాధపడుతుంటే యాత్రల గోల ఏమిటని ఎవరికైనా అనిపించవచ్చు. మాలో కొందరు నడవాలనుకుంటున్నది సరిగ్గా ఆ పోయినవారి కోసమే. 2021 వేసవిలో మా ఊరి సమాధుల తోటలో బంధువులు సైతం దగ్గరికి రాలేని అంత్యక్రియలు జరిగాయి. తల్లికి కడసారి చూపు దక్కని కొడుకు, ఆమె పేరున బలిపూజ (చర్చిలో జరిగే మాస్) చేయించడానికి అంతదూరం నడిచి వెళ్తానని మొక్కుకున్నాడు. అది విలాసయాత్ర కాదు.

టీకా దొరికినంత మాత్రాన పని పూర్తికాదు. వీసాకు 30 వేల యూరోలకు తగ్గని వైద్య బీమా చూపాలి, ఏ రాత్రి ఎక్కడ ఉంటామో ఆధారాలు ఇవ్వాలి. కమీనోలో ప్రభుత్వ సత్రాలు ముందుగా మంచం కేటాయించవు, నడిచి వచ్చినవారికి వచ్చిన వరుసలో ఇస్తాయి. కాబట్టి పట్టణాల్లోని ప్రైవేటు వసతిని, రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి వచ్చే షరతుతో, ముందుగా ఏర్పాటు చేసుకోవడం మేలు. ఇంతకన్నా చిక్కు మన పేర్లతో ఉంది. ఆధార్‌లో ఇంటిపేరుకు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉండడం మన దగ్గర సర్వసాధారణం. పెళ్లయిన స్త్రీలకు ఒకదానిలో పుట్టింటి పేరు, మరొకదానిలో అత్తింటి పేరు కూడా ఉంటుంది. కోవిన్ పత్రం ఎక్కువగా ఆధార్ ప్రకారం వస్తుంది, విమానాశ్రయంలో చూసేది పాస్‌పోర్టుతో సరిపోలిందా అని. కోవిన్ వెబ్‌సైటులో పేరు సరిచేసుకుని, పాస్‌పోర్టు సంఖ్య జతచేసుకుని, పుట్టిన తేదీ పూర్తిగా ఉన్న విదేశీ ప్రయాణ పత్రాన్ని తీసుకోవడం ఇప్పుడే చేయవలసిన పని. గ్రామ సచివాలయాల సిబ్బందికి ఈ విషయంలో కొద్దిపాటి శిక్షణ ఇస్తే కంప్యూటరు తెలియని పెద్దవారికి ఎంతో సాయమవుతుంది.

ఇది ఒక్క మతంవారి సమస్య కాదు. కైలాస మానససరోవర యాత్ర 2020, 2021ల్లో జరగలేదు. హజ్‌కు ఆ రెండేళ్లూ విదేశీయులను రానివ్వలేదు. కర్తార్‌పూర్ దారి ఇరవై నెలలు మూసి ఉండి, 2021 నవంబరులో మళ్లీ తెరుచుకుంది. ఒక్కొక్కటిగా తలుపులు తెరుచుకునే కొద్దీ, ఆయా దేశాలు తమకు తోచిన టీకా నిబంధనలు పెడతాయి. తిరుమల కొండ ఎక్కడానికి సైతం రెండు డోసుల పత్రమో, పరీక్షా ఫలితమో చూపించి వెళ్లిన మనం నిబంధనలు వద్దని అనడం లేదు. వాటిని పాటించే అవకాశాన్ని ఇమ్మని మాత్రమే అడుగుతున్నాం.

మేము సెప్టెంబరులో, అక్కడ ఎండలు తగ్గాక బయలుదేరాలని అనుకుంటున్నాం. నడకకు అలవాటు పడడానికి తెల్లవారుజామునే వీపున సంచులతో కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కి దిగుతున్నాం. స్పెయిన్ వెళ్లడానికి కావలసిన షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. టీకా సంగతి తేలకుండా వేలకు వేలు పోసి టికెట్లు, బీమా కొనడానికి మాలో ఎవరికీ ధైర్యం చాలడం లేదు. వేసవి ముగిసేలోగా కేంద్ర ఆరోగ్య శాఖ ఉత్తర్వు ఇస్తే, పుణ్య ద్వారం మూసేలోపు శాంటియాగో చేరడానికి మాకు వ్యవధి ఉంటుంది. మన రెండు రాష్ట్రాల పార్లమెంటు సభ్యులు ఈ విషయాన్ని ఆరోగ్య మంత్రి గారికి నేరుగా విన్నవించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఫిరంగిపురం, గుంటూరు జిల్లా.
మార్చి 30, 2022