రాస్ప్‌బెర్రీ మొక్కకు కట్టే చీటీ మీద చలి లెక్క ఏది?

సంపాదకులకు నమస్కారం.

మీ తోటల పేజీలో రాస్ప్‌బెర్రీ సాగు గురించి వచ్చిన వ్యాసం చదివాను. బాగా ఎండ తగిలే చోట నాటి, రోజూ నీళ్లు పోస్తే ఏ వాతావరణంలోనైనా కాస్తుందన్నది దాని సారాంశం. మొక్కలు పెంచి అమ్మే పని నాది. రాస్ప్‌బెర్రీ కొనుక్కెళ్లినవాళ్లలో చాలామంది ఏడాది తిరిగేసరికి వచ్చి ఒకే మాట అడుగుతారు: ‘దుబ్బు ఏపుగా ఉంది, ఆకు దట్టంగా ఉంది, కాయ ఒక్కటీ లేదేం?’ ఆ వ్యాసం చదివి మొక్క కొన్నవాళ్లూ రేపు ఇదే అడుగుతారు. అందుకే ఈ ఉత్తరం.

వాళ్లను నేను ఎండ గురించి గానీ ఎరువు గురించి గానీ అడగను. మీ దగ్గర చలికాలం ఎలా ఉంటుంది, ఎన్నాళ్లుంటుంది అని అడుగుతాను. ఈ మొక్క విషయంలో సగం సమాధానం అక్కడే ఉంది.

రాస్ప్‌బెర్రీ వేరు ఏళ్ల తరబడి బతుకుతుంది. పైన కనిపించే చువ్వ ఆయుష్షు మాత్రం రెండేళ్లే. వేసవి కాపు రకాల్లో మొదటి ఏడు చువ్వ ఆకు వేసి ఎదుగుతుంది, చలికాలం నిద్రలో గడుపుతుంది, రెండో ఏడు పూసి, కాసి, ఎండిపోతుంది. ఆ నిద్ర సరిపడా లేకపోతే మొగ్గ కళ్లు తెరవదు. సున్నా నుంచి 7 డిగ్రీల సెల్సియస్ మధ్య చలి ఎన్ని గంటలుందో కలిపి లెక్కేస్తారు. ఈ రకాల్లో చాలావాటికి 800 గంటలకు పైగా, కొన్నింటికి 1,500 దాకా కావాలి. వెయ్యి గంటలంటే రాత్రీ పగలూ ఏకబిగిన చలి ఉన్నా నలభై రోజులు దాటుతుంది.

చలి చాలని చువ్వను దగ్గరగా చూస్తే గుర్తుపట్టవచ్చు. కొన దగ్గర రెండు మూడు మొగ్గలు విచ్చుకుని ఉంటాయి. కింద ఉన్నవి మాత్రం గోధుమ రంగు పొలుసుల్లో ముడుచుకునే ఉంటాయి. బెరడును గోటితో గీరితే లోపల పచ్చగానే ఉంటుంది కాబట్టి చువ్వ చావలేదు. ఇది తెలియక బలం చాలలేదనుకుని నత్రజని ఎరువు కుమ్మరిస్తారు. ఆకు ఇంకా దట్టమవుతుంది, కాయ మాత్రం రాదు. పాపం, మొక్క ఏం చేస్తుంది?

చలి తక్కువున్న చోట్లకు శరత్కాలపు కాపు రకాలు నయం. ఇవి అదే ఏడు మొలిచిన చువ్వ కొసనే కాస్తాయి, చలి అవసరమూ తక్కువే. న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవా పరిశోధన కేంద్రం 1969లో విడుదల చేసిన ‘హెరిటేజ్’ ఈ కోవలో పేరు పొందింది. ఇంగ్లండ్‌లోని ఈస్ట్ మాలింగ్ నుంచి వచ్చిన ‘ఆటమ్ బ్లిస్’ మరొకటి. కాపు అయ్యాక, చలికాలం చివర చువ్వలన్నిటినీ నేలమట్టంగా కోసేయవచ్చు. కత్తిరింపులంటే తడబడేవాళ్లకు ఇంతకంటే సులువైనది లేదు. వేసవి కాపు రకాన్ని ఇలాగే కోశారో, ఆ ఏటి పంట కోసేసినట్టే. చీటీ మీద ఏ రకమో రాయకపోతే కొన్నవాళ్లకు ఇది ఎలా తెలుస్తుంది?

అలాగని శరత్కాలపు రకాలు మండు వేసవిని తట్టుకుంటాయని కాదు. రాస్ప్‌బెర్రీ ఆకు చురుకుగా పనిచేసేది 20 డిగ్రీలకు అటూ ఇటూ. 30 దాటితే పని మందగిస్తుంది, కాయ చిన్నదవుతుంది. పొడి గాలి, తీవ్రమైన ఎండ కలిసిన చోట కాయలో గుత్తిగా అతుక్కుని ఉండే చిన్న గుళికల్లో (గింజతిత్తుల్లో) కొన్ని తెల్లగా పాలిపోతాయి. అది తెగులు కాదు, ఎండదెబ్బ. ‘బాగా ఎండ తగిలే చోట’ అన్న సలహా చల్లని ప్రాంతాలకు వేదవాక్కే. వేడి ప్రాంతంలో మాత్రం ఉదయపు ఎండ తగిలి మధ్యాహ్నం నీడ పడే చోటు వెతకాలి, లేదా మూడో వంతు ఎండను ఆపే షేడ్‌నెట్ కట్టాలి. మొదళ్ల చుట్టూ ఎండు ఆకో రంపపు పొట్టో మందంగా పరిస్తే వేరు చల్లగా ఉంటుంది. ఇలాంటి చోట్ల నేలలో సున్నమూ ఎక్కువగా ఉండవచ్చు. మట్టి ఆమ్లమో క్షారమో చెప్పే ఉదజని సూచిక (pH) 5.6 నుంచి 6.5 మధ్య ఉంటే ఈ మొక్కకు హాయి. సున్నం దాన్ని పెంచుతుంది. అది బాగా పెరిగితే ఇనుము అందక లేత ఆకు పసుపు తిరుగుతుంది, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి.

దీనికి పూర్తిగా ఎదురు సమస్య కెనడా నడిబొడ్డు లాంటి చోట్లది. మనిటోబాలో తయారైన ‘బాయిన్’, అమెరికాలోని మిన్నెసోటా నుంచి 1920లో వచ్చిన ‘లాథమ్’ గడ్డకట్టే చలిని తట్టుకునే రకాలు. గాఢనిద్రలో ఉన్న ఎర్ర రాస్ప్‌బెర్రీ చువ్వ మైనస్ 30 డిగ్రీల దగ్గరికి వెళ్లినా బతికి బయటపడగలదు. నల్ల రాస్ప్‌బెర్రీకి అంత ఓపిక లేదు. అయితే ఎముకలు కొరికే చలి కంటే అక్కడ ఎక్కువ దెబ్బతీసేది, నడి చలికాలంలో వారం పాటు వచ్చిపోయే దొంగ వెచ్చదనం. చలి అవసరం తీరిన మొగ్గ వసంతం వచ్చేసిందనుకుని కదులుతుంది, ఆ తర్వాతి మంచుకు మాడిపోతుంది. అందుకే ఉత్తరార్ధగోళంలో తొందరగా వేడెక్కే దక్షిణపు వాలు కంటే ఉత్తరపు వాలు మేలంటారు. గాలికి అడ్డుగా చెట్ల వరుస ఉంటే చువ్వ ఎండిపోదు. వెచ్చని రోజులు తక్కువున్న చోట శరత్కాలపు రకం కాయ పండేలోగా మంచు కురుస్తుంది కాబట్టి అక్కడ వేసవి కాపు రకాలే దిక్కు.

స్కాట్లండ్, అమెరికా వాయవ్య తీరం వంటి చల్లని సముద్రపు గాలి వీచే ప్రాంతాలు ఈ పంటకు పుట్టిల్లు లాంటివి. చలికాలం నిలకడగా ఉంటుంది, వేసవి మెత్తగా సాగుతుంది. వాషింగ్టన్ రాష్ట్రపు ‘మీకర్’ దశాబ్దాల పాటు అక్కడి తోటలను ఏలింది. సెర్బియాలో అరిల్యే చుట్టుపక్కల కొండవాలుల్లో ‘విల్లామెట్’ పాతుకుపోయింది. ఇంత అనువైన చోట కూడా తోటను తుడిచిపెట్టగలిగేది వేరుకుళ్లు. ఫైటోఫ్తోరా అనే శిలీంధ్రం లాంటి జీవి నీరు నిలిచే మట్టిలో విజృంభిస్తుంది. వాడిన మొక్కను పీకి పెద్ద వేరు మీది తోలు గీరి చూడండి. ఆరోగ్యంగా ఉంటే తెల్లగా, తెగులు పట్టి ఉంటే ఇటుక ఎరుపులో కనిపిస్తుంది. ఆ దశలో చేయగలిగింది తక్కువ. ముందే ఒక అడుగు ఎత్తున మడి కట్టి నాటడమే మందు.

కాబట్టి ‘రోజూ నీళ్లు’ అన్న సలహాను మీ పేజీ సవరించాలి. కాపు సమయంలో వారానికి 25 నుంచి 40 మిల్లీమీటర్ల నీరు, వాన కూడా కలుపుకుని, చాలు. వేర్లలో ఎక్కువ భాగం పైన అడుగు, అడుగున్నర లోతులోనే ఉంటాయి. మట్టిలో వేలు దూర్చి, తడి ఉంటే ఆ రోజుకు నీటి గొట్టం ముట్టుకోవద్దు. టమాటా, బంగాళాదుంప, వంకాయ వేసి తీసిన మడిలో నాటవద్దని కూడా రాయాల్సింది. వాటి నుంచి మట్టిలో మిగిలే వెర్టిసీలియం అనే శిలీంధ్రం తెచ్చే ఎండు తెగులు దీనికీ సోకుతుంది.

చలికాలమే ఎరుగని చోట్ల మాటేమిటి? ఎత్తు కొంత ఆదుకుంటుంది. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి ఉష్ణమండలపు ఎత్తైన కొండల్లో శరత్కాలపు రకాలు పండుతున్నాయి. మెక్సికోలోని హలిస్కో, మిచోయకాన్ రాష్ట్రాల్లో ప్లాస్టిక్ గొడుగుల కింద పెద్ద ఎత్తున సాగు చేస్తున్నారు. ఎదిగిన చువ్వలను శీతల గిడ్డంగిలో నిద్రపుచ్చి, చలి లెక్క తీరాక తోటలో నాటే పద్ధతీ ఉంది. అది వ్యాపారుల పని, పెరటి తోటకు అయ్యేది కాదు.

పల్లపు వెచ్చని నేలల్లో మిసిసిపీ నుంచి వచ్చిన ‘డోర్మన్ రెడ్’ నెగ్గుకొస్తుంది. రుచిలో మాత్రం చల్లని దేశపు కాయకు సాటి రాదు. బాగా పండేదాకా ఆగితేనే తినాలనిపిస్తుంది. మైసూరు రాస్ప్‌బెర్రీ అని పిలిచే రూబస్ నివియస్ మరో దారి. దక్షిణ ఫ్లోరిడాలో కూడా చక్కగా కాస్తుంది, పండితే ఊదా కలిసిన నలుపు. కానీ గాలాపగోస్ దీవుల్లో అదే మొక్క పిట్టల ద్వారా వ్యాపించి అడవిని ఆక్రమించింది. తన సొంత నేల కాని చోట దీన్ని నాటే ముందు అక్కడ అనుమతి ఉందో లేదో కనుక్కోవడం ధర్మం.

ఇక నా కోరిక. మొక్కకు కట్టే చీటీ మీద ఎర్రటి కాయ బొమ్మ ఎంత పెద్దదైనా వేసుకోండి, కింద మూడు విషయాలు మాత్రం తప్పక ఉండాలి: మొదటి ఏటి చువ్వకు కాస్తుందా లేక రెండో ఏటి దానికా, ఎన్ని గంటల చలి కావాలి, ఎంత చలికి చచ్చిపోతుంది. మా వ్యాపారంలో చాలామంది ఇవి రాయరు. రాస్తే మొక్క అమ్ముడుపోదని భయం. మీ వ్యాసానికి రెండో భాగం ఉందని ప్రకటించారు కాబట్టి, అందులో ఈ మూడింటినీ రకాలవారీగా పట్టికగా వేయండి. అది కత్తిరించి మా దుకాణం గోడకు అంటించుకుంటాను.

ఇట్లు,
నర్సరీ నడుపుతున్న ఒక పాఠకురాలు